ఆట నియమమే అసలు పాఠము

వంతెనలు కట్టు విద్య నభ్యసించువానికి ప్రయోగశాలయందు ఇనుపకడ్డీని యంత్రమున బిగించి లాగి, అది యే బరువునకు తెగునో కన్నులార చూచు అవకాశము కలదు. వైద్యవిద్యార్థికి రోగి మంచముచెంత గురువు ప్రక్కన నిలిచి నేర్చుకొను వీలు కలదు. కాని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు చదువు విద్యార్థికి, తాను నేడు తొందరపడి వ్రాసిన కోడు మూడేండ్ల తరువాత, తానెన్నడును చూడని మరియొక ప్రోగ్రామరు చేతిలో పడి, ఏ అర్ధరాత్రివేళ ఎవరి నిద్రను చెరచునో చూపగల ప్రయోగశాల ఏ కళాశాలయందును లేదు. అట్టిదానిని నిర్మించుటయు సులభము కాదు. ఏలయన ఆ విద్యలో తప్పొప్పులను తేల్చునది కాలము, కాలమును సెమిస్టరులో ఇముడ్చుట ఎవరి తరము?

ఈ చిక్కు ఆ విద్యతోపాటు పుట్టినది. 1968వ సంవత్సరము అక్టోబరు నెలలో పశ్చిమ జర్మనీలోని గార్మిష్ పట్టణమున నాటో సంస్థ సమకూర్చిన సదస్సులో, కంప్యూటర్ల శక్తి యేటేట పెరుగుచుండగా వానికొఱకు వ్రాయు పెద్ద ప్రోగ్రాములు మాత్రము గడువు దాటి, ఖర్చు దాటి, తప్పులతో నిండి బయటికి వచ్చుచున్నవని కలతచెందిన శాస్త్రజ్ఞులు, కట్టడములు కట్టువారి క్రమశిక్షణ ఈ పనికిని కావలెనని తలపోసి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అను పేరును లోకవ్యవహారమునకు తెచ్చిరి. ఐ.బి.ఎం. కంపెనీలో ఓఎస్/360 అను మహానిర్మాణమును నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్, తన యనుభవమును మథించి 1975లో ప్రకటించిన గ్రంథమున, ఆలస్యమైన ప్రాజెక్టులోనికి క్రొత్తవారిని చేర్చినకొలది అది మరింత ఆలస్యమగునని చెప్పెను. ఈ మాట నేటికిని ప్రతి తరగతిలోను వినబడును. విద్యార్థి దానిని వ్రాసికొనును, పరీక్షలో తిరిగి వ్రాయును, మార్కులు పొందును. కాని పదిమంది చేయుచున్న పనిలోనికి పదునొకండవవాడు వచ్చి కూర్చున్నపుడు, అతనికి అన్నియు విడమరచి చెప్పుటలోనే పాతవారి ప్రొద్దంతయు ఎట్లు కరిగిపోవునో అతడు అనుభవించి యెరుగడు.

కళాశాలలో ప్రాజెక్టు లేదా యని యడుగవచ్చును. ఉన్నది. నలుగురు స్నేహితులు కలిసి, తమకు ముందే తెలిసిన గ్రంథాలయ నిర్వహణనో, హాస్టలు గదుల కేటాయింపునో ఒక సెమిస్టరులో కట్టి, వైవా ముగిసిన మరునాడు దానిని మరచుచున్నారు. ఆ కొలది నెలలలో ఎవడును ఉద్యోగము మానడు. పని అప్పగించినవాడు తన కోరికను నడుమ మార్చుకొనడు. జీతముల లెక్క లేదు. అన్నిటికిని మించి, ఆ ప్రోగ్రామును రెండవయేట విప్పి మరమ్మతు చేయవలసినవాడు ఎవడును లేడు. దశనుండి దశకు దిగు వాటర్‌ఫాల్ చిత్రమును మన ఇంజనీరింగు విద్యార్థి కన్నులు మూసికొని గీయగలడు. ఆ చిత్రములో మొదటి గడియందలి అశ్రద్ధకు చివరి గడియందు చెల్లింపవలసిన మూల్యమెంతయో, ఉద్యోగములో చేరిన పిమ్మటగాని అతనికి బోధపడదు.

ఈ కొరతను తీర్చుటకై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖలో అలెక్స్ బేకర్, ఎమిలీ ఓ నవారో, ఆండ్రే వాన్ డర్ హూక్ అను మువ్వురు పరిశోధకులు త్రొక్కిన దారి, కంప్యూటరు శాస్త్రజ్ఞులనుండి ఎవరును ఎదురుచూడనిది. వారు పేకముక్కలు తయారుచేసిరి. 'ప్రాబ్లమ్స్ అండ్ ప్రోగ్రామర్స్' అను ఆ ఆటను 2003లో జరిగిన అంతర్జాతీయ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు మహాసభలో విద్వాంసుల యెదుట పెట్టిరి. ఆ తరువాత ఈ విషయమున వెలువడిన క్రీడలలో పెక్కింటికి అది మాతృకయై నిలిచినది గనుక, దానిని కొంత నిదానముగా పరికించుట యుక్తము.

ఆట ఇరువురి నడుమ సాగును. బల్లమీద ఒక ప్రాజెక్టు ముక్క తెరచి పెట్టుదురు. ఆ పని యెంత పొడవైనదో, యెంత క్లిష్టమైనదో, యెంత నాణ్యత కోరునో, బడ్జెట్టు ఎంతయో దానిపై అంకెలతో నుండును. ఇరువురును ఆ ఒకే ప్రాజెక్టును చేపట్టుదురు. ముందుగా ముగించి నిర్దోషముగా అప్పగించినవానిదే గెలుపు. చేతికి వచ్చిన ప్రోగ్రామరు ముక్కలలో ఒక్కొక్కనికి నేర్పు ఇంత, జీతము ఇంత, స్వభావము ఇట్టిదని వ్రాసియుండును. జీతముల మొత్తము బడ్జెట్టును మీరరాదు. కనుక గొప్ప నేర్పరి నొక్కని పెట్టుకొనవలెనా, సామాన్యులను ముగ్గురను పెట్టుకొనవలెనా యన్న ప్రశ్న ఆదిలోనే యెదురగును. పిమ్మట రిక్వైర్‌మెంట్ల పత్రములకును, డిజైను పత్రములకును ఎన్ని వంతులు వెచ్చింపవలెను? ఏమియు వ్రాయక నేరుగా కోడులోనికి దూకినను అడ్డుపెట్టువారు లేరు. కోడునైనను శ్రద్ధగా వ్రాయవచ్చును, తక్కువ శ్రమతో తొందరగాను వ్రాయవచ్చును; తొందరకోడు ముక్కల వెనుక బగ్గులు దాగియుండుట మెండు.

ఆ ఆటకు ప్రాణము సమస్యల ముక్కలలో నున్నది. అవి ప్రత్యర్థిమీద ప్రయోగించు అస్త్రములు. కాని ఊరక తగులవు. ప్రతి ముక్కకును ఒక షరతు కలదు: రిక్వైర్‌మెంట్లు చాలినంత స్పష్టముగా వ్రాసికొననివాని మీదనే, లేదా మరియొక విధముగా ఏమరుపాటు చూపినవాని మీదనే అది పనిచేయును, పునాది గట్టిగా వేసికొన్నవాని యెదుట అదే ముక్క నిష్ఫలము. అందుచేత, ఆరంభమున కొన్ని వంతులు పత్రములకు వెచ్చించినవాడు వెనుకబడినట్లు కనబడి, కోడు కుప్పగా పోసినవాడు ఉత్సాహముతో ముందుకు పోవుచుండగా, కడపటి ఘట్టమున, ప్రాజెక్టు కోరిన నాణ్యతకు తగినన్ని కోడుముక్కలను తిరగవేసి చూచునప్పుడు, దాగియున్న బగ్గు ఒక్కటి బయటపడెనా, ఆ ఉత్సాహమంతయు నీరైపోవును. వాస్తవమున ఏండ్లు పట్టు ఫలపరిపాకము ఒక్క పూటలో కన్నులయెదుట జరిగిపోవును. ఓడిన విద్యార్థికి అది గురువు చెప్పిన నీతిగా తోచదు. మూడవ వంతులో తాను ఏ ముక్కను దించి, ఏ ముక్కను దించక పోయెనో అతనికి స్పష్టముగా జ్ఞాపకముండును.

ఇచ్చట ఒక విచక్షణ అవసరము. ఈ వ్యాసమునకు ప్రధానమైన మాటయు అదియే. విద్యాక్రీడ యను పేరుతో నేడు ప్రచారములోనున్న వానిలో ఎక్కువ భాగము, పాములు నిచ్చెనల పటము నొకదానిని తీసికొని, గడిగడికిని ఒక ప్రశ్న అంటించి, టెస్టింగులో రకములెన్నియని యడిగి, సరిగా చెప్పినవానిని రెండు గడులు ముందుకు జరుపునవి మాత్రమే. వానియందు పాఠము ప్రశ్నలో నున్నది, ఆటలో లేదు. ప్రశ్నలను తొలగించి వృక్షశాస్త్రపు ప్రశ్నలు అంటించినను ఆ ఆట అట్లే సాగును. అనగా ఆ ఆటకు సాఫ్ట్‌వేరుతో నెట్టి సంబంధమును లేదన్నమాట. ఆట బోధించునది తన నియమములచేతనే గాని గడులపై వ్రాసిన పేరులచేత కాదు.

తెలుగువారికి ఈ భేదము తెలియనిది కాదు. జాగరముల రాత్రులయందు మన పెద్దలు పరచుకొని కూర్చుండిన వైకుంఠపాళి పటమున, పాములకు పాపముల పేరులు, రాక్షసుల పేరులు, నిచ్చెనలకు భక్తిజ్ఞానాది సుగుణముల పేరులు కలవు. కాని గవ్వలు పడినట్లు నడచుటయే గాని, ఆ పటమున ఆడువాని నిర్ణయమునకు చోటు లేదు. పేరులు పుణ్యపాపములను చెప్పినను, నియమము చెప్పునది దైవాధీనత. ఆ పటమును కల్పించినవారి తాత్పర్యమునకు అది తగియే యున్నది. పులిజూదము సంగతి వేరు. మూడు పులులు, పదునైదు మేకలు. మేకకు చంపు శక్తి లేదు, గుంపుగా కదలి పులికి కదలుటకు చోటు లేకుండ చేయుటే దాని గెలుపు. ఐకమత్యమను మాట ఆ పటముమీద ఎచ్చటను వ్రాసియుండదు. అయినను అరుగుమీద గీసిన ఆ గీతలయందు పదిమారులు ఓడిన బాలునకు, ముందుకు ఒంటరిగా పోయిన మేక గతి యేమగునో ఎవరును చెప్పనక్కరలేదు.

నియమమునకు గల ఈ బోధనాశక్తిని స్పష్టముగా గ్రహించి పనిలో పెట్టినవారిలో అమెరికా దేశపు ఎలిజబెత్ మేగీ ఒకరు. భూమిపై గుత్తాధిపత్యము సమాజము నెట్లు కుంగదీయునో చెప్పిన హెన్రీ జార్జి సిద్ధాంతములను ప్రజలకు బోధింపదలచి, ఆమె 'లాండ్‌లార్డ్స్ గేమ్' అను పటమును కల్పించి 1904లో పేటెంటు పొందెను. ఒకే పటమునకు ఆమె రెండు విధముల నియమావళులను కూర్చినది: ఒకదాని ప్రకారము ఆడినచో ఒక్కడు బాగుపడి తక్కినవారు దివాలా తీయుదురు, రెండవదాని ప్రకారము ఆడినచో అందరకును కలిమి పెరుగును. పిమ్మట లోకమున వ్యాపించిన మోనోపలి ఆట దానినుండి పుట్టినదే. కాని ఆ వ్యాప్తిలో రెండవ నియమావళి మరుగున పడినది. నియమము మారినచో పాఠమే తలక్రిందులగుననుటకు ఇంతకన్న దృష్టాంతము వెదకనక్కరలేదు.

ఆ దృష్టితో చూచినచో, నాకు అత్యంత సుందరముగా తోచిన క్రీడ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వారి 'హార్డ్ చాయిసెస్'. ప్రోగ్రామును సక్రమమైన మార్గమున కట్టక, నేటి గడువుకొఱకు అడ్డదారిన కట్టి నెట్టుకొని పోవుటను, వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో అప్పుతో పోల్చెను. అసలు తీర్చనంతకాలము ప్రతిదినమును వడ్డీ కట్టవలసియుండును. టెక్నికల్ డెట్ అను ఆ మాట నేడు ప్రతి సాఫ్ట్‌వేర్ కార్యాలయమునను వినబడునదే. ఆ భావమంతయు ఈ పటమున ఒకే నియమముగా ఘనీభవించినది. బాట మెలికలు తిరుగుచు గమ్యమునకు పోవును. నడుమ నడుమ వంతెనలు గలవు. వంతెన దాటినవాడు దూరమును తగ్గించుకొనును గాని, ఒక వంతెన ముక్కను చేతికి తీసికొనవలెను. ఆ ముక్క చేతనున్నంతకాలము పాచిక వేసిన ప్రతిసారియు పడిన సంఖ్యలో ఒకటి తగ్గును. ఒక వంతు ఆడక ఊరకున్నచో ఒక ముక్కను వదిలించుకొనవచ్చును. ఇంతే.

ఈ స్వల్పమైన ఏర్పాటులో ఎంత లోతు గలదో ఆడి చూచినవారికే తెలియును. ఒక వంతెన దాటుట పలుమారులు లాభమే; అప్పు చేయుటయే తప్పని ఈ ఆట చెప్పదు. గమ్యము సమీపించినప్పుడు చేసిన అప్పునకు వడ్డీ కట్టు ప్రసక్తియే రాకపోవచ్చును. కాని ఆదిలోనే మూడు ముక్కలు చేతబట్టినవానికి, నాలుగు పడిన పాచిక ఒక్క అడుగే యగును, మూడు పడినచో కదలికయే లేదు; ఆగి అప్పు తీర్చుదమా యన్నచో తక్కినవారు దాటిపోవుచున్నారన్న ఆతురత ఆగనీయదు. కంపెనీలలో ప్రతి మేనేజరును ప్రతి త్రైమాసికమునను పడు సంకటము ఇదియే. ఎప్పుడు అప్పు చేయవచ్చును, ఎప్పుడు తీర్చక తప్పదు అన్న వివేకమును ఉపన్యాసముచేత కలిగింపబూనినచో, విద్యార్థికి దక్కునది ఒక నిర్వచనము మాత్రమే.

తక్కిన క్రీడలను టూకీగా తలచెదను. మైక్రోసాఫ్టులో ఆడమ్ షోస్టాక్ రూపొందించి 2010లో వెలువరించిన 'ఎలివేషన్ ఆఫ్ ప్రివిలేజ్' అను పేకలో ఆరు రంగులు గలవు. ఒక్కొక్క రంగు ప్రోగ్రాముపై జరుగగల ఒక్కొక్క జాతి దాడికి గుర్తు. ముక్కను దించినవాడు, ఆ దాడి తమ యెదుటనున్న వ్యవస్థాచిత్రమున ఎచ్చట ఎట్లు జరుగగలదో చెప్పవలెను. బ్రెజిల్‌లోని సాంతా కతరీనా సమాఖ్య విశ్వవిద్యాలయమున పుట్టిన 'డెలివర్' ప్రాజెక్టు ఖర్చును, పురోగతిని ఎప్పటికప్పుడు లెక్కించుట నేర్పును. పోర్చుగల్‌లోని మిన్యో విశ్వవిద్యాలయమునుండి వచ్చిన 'ప్లేస్క్రమ్' అర్వైన్ ఆటనే, చిన్న చిన్న విడతలుగా పని సాగించు స్క్రమ్ పద్ధతికి మలచినది. 2002లో జేమ్స్ గ్రెనింగ్ వ్రాసి చూపగా మైక్ కోన్ ప్రచారము చేసిన ప్లానింగ్ పోకర్ నిజమునకు కార్యాలయముల వాడుక. అయినను తరగతిలో దానికి గొప్ప స్థానము గలదు. ఒక పని యెంత శ్రమ పట్టునో ప్రతివాడును తన యంచనాముక్కను బోర్లించి పెట్టును, అందరును ఒక్కమారే తిరగవేయుదురు. అన్నిటికన్న హెచ్చు సంఖ్యను, అన్నిటికన్న తక్కువ సంఖ్యను వేసిన ఇరువురును తమ కారణములు చెప్పవలెను. పెద్దవారు పలికిన పిమ్మట చిన్నవారు నోరు విప్పని అలవాటు గల మన తరగతులలో, ఈ ఒక్క నియమము వెనుక బెంచీలోని మౌనియైన విద్యార్థినికి తన సంఖ్యను పెద్దల మాట వినకమునుపే నిర్భయముగా పెట్టు వీలు కల్పించును.

కంప్యూటరు విద్యకు కంప్యూటరు లేని ఆట యేలయని ఆక్షేపించువారు కలరు. అర్వైన్ బృందము వారే 'సిమ్‌ఎస్‌ఈ' అను కంప్యూటరు క్రీడను సైతము నిర్మించిరి. దానికి దాని ప్రయోజనము కలదు. కాని తెరమీద ఆడునప్పుడు నియమములను యంత్రము లోపల అమలుజరుపును. ప్రోగ్రామరు అలసిపోయెనని తెర చెప్పినచో ఏ లెక్కచొప్పున అలసెనో ఆడువానికి తెలియదు, అడుగవలెనన్న తలంపును పుట్టదు. బల్లమీది ఆటలో నియమమును అమలుజరుపువారు ఆటగాండ్రే. పుస్తకము తెరచి చదివి, ఈ ముక్క ఇచ్చట చెల్లునా చెల్లదా యని వాదులాడి, వ్రాతలోని సందిగ్ధతను పట్టుకొని, ఒక అంగీకారమునకు వచ్చి ముందుకు పోవలెను. ఆ వాదము వృథాకాలక్షేపము కాదు. క్లయింటు వ్రాసి యిచ్చిన కోరికలపట్టీలోని ఒక వాక్యమునకు రెండర్థములు వచ్చినపుడు జరుగవలసిన విచారణ సరిగా అట్టిదే. విద్యార్థి తనకు తెలియకయే రిక్వైర్‌మెంట్ల విశ్లేషణ సాగించుచున్నాడు.

లోపములను దాచుట నా యుద్దేశము కాదు. పేకలోను పాచికలోను అదృష్టము పాలు తప్పదు. శ్రద్ధ వహించినవాడు ఓడి, తొందరపడినవాడు గెలిచిన పూటలుండును. అర్వైన్ ఆట దశలవారీ పద్ధతినే ఆధారముగా గొన్నది. 2001లో పదునేడుగురు నిపుణులు, ముందు వేసిన ప్రణాళికకన్న మార్పునకు తగినట్లు నడచుటే మేలను అజైల్ ప్రకటనపై సంతకములు చేసిన నాటినుండి పరిశ్రమ చాలవరకు వేరుదారి పట్టినది. ఇట్టి క్రీడల విలువను కొలిచిన పరిశోధనలలో పెక్కు, ఆట ముగియగానే విద్యార్థులకు ప్రశ్నావళి నిచ్చి అభిప్రాయములు సేకరించినవి. ఆనందించితిమని వ్రాయుటకును, మూడేండ్ల తరువాత మేలైన నిర్ణయము చేయుటకును నడుమ చాల దూరము గలదు.

ఈ లోపములకు నాకు తెలిసిన మందు ఆట పిమ్మటి సంభాషణ. రెండు గంటల ల్యాబు పీరియడులో ఒక గంట ఆడించి ఒక గంట మాటాడింపని ఉపాధ్యాయుడు, విద్యార్థులకు వినోదము కల్పించినవాడగునే గాని పాఠము చెప్పినవాడు కాడు. ఏ వంతులో ఓటమి నిశ్చయమైనది? బగ్గు బయటపడిన వంతు అదేనా, లేక అది పుట్టిన వంతు మరియొకటియా? గెలుపు నేర్పువలన వచ్చినదా, ముక్కలు కలిసివచ్చుటవలనా? నిజమైన కంపెనీలో ఈ నియమము ఇట్లే యుండునా? ఈ చివరి ప్రశ్న వద్ద అసలు విద్య మొదలగును. ఆటలోని వాటర్‌ఫాల్ పద్ధతి పాతదగుట సైతము అప్పుడు లోపము కాక, విమర్శకు ముడిసరుకగును.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ఇంజనీరింగు కళాశాలలనుండి ఏటేట వెలువడు యువజనులలో ఎందరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగములలో చేరుచున్నారు. వారికి ఇట్టి శిక్షణ నిచ్చుటకు ఖరీదైన సామగ్రి యేదియు అక్కరలేదు. 'ఎలివేషన్ ఆఫ్ ప్రివిలేజ్' ముక్కలను ఎవరైనను అచ్చువేసికొనుటకు హక్కుదారులే అనుమతించినారు. కాని అరువుతెచ్చిన ముక్కలతో ఆగుట కంటె, విద్యార్థులచేతనే క్రొత్త ముక్కలు వ్రాయించుట నాకు మిక్కిలి ఇష్టము. మాదాపూరులోను గచ్చిబౌలిలోను పనిచేయు పూర్వవిద్యార్థులను పిలిచి వారి అనుభవములను వినిపించినచో చాలును: నడుమ నోటీసు పీరియడు ఇచ్చి వెడలిపోవు సీనియరు, మనకు రాత్రియైనవేళ పగలుగా నున్న దేశమునుండి పిలుచు క్లయింటు, శుక్రవారము సాయంత్రము తొందరపడి ప్రొడక్షన్‌కు పంపిన మార్పు, ఇవన్నియు సమస్యల ముక్కలు కాదగినవే. అయితే ముక్కపై పేరు వ్రాసినంతమాత్రమున పని తీరదు. అది ఎవరికి తగులును, ఎవరికి తగులదు, ఏ ముందుజాగ్రత్త దానిని వారించును అన్న షరతును వ్రాయవలెను. అది వ్రాయుటకు కారణమును తెలిసికొనవలెను.

బ్రూక్స్ చెప్పిన మాటనే ఒక తరగతికి పనిగా ఇచ్చి, దీనిని ఆట నియమముగా మార్చుడని యడిగినచో ఏమి జరుగునో ఊహింపవచ్చును. క్రొత్త ప్రోగ్రామరు ముక్కను దించినవాడు, పాత ప్రోగ్రామరు ముక్క నొకదానిని ఒక వంతుపాటు అడ్డముగా త్రిప్పి పని మాన్పింపవలెనని ఒక జట్టు వ్రాయును. ఒక వంతు చాలదు, మూడు కావలెనని రెండవ జట్టు పట్టుబట్టును. డిజైను పత్రములు స్పష్టముగా బల్లమీద నున్నవానికి ఒక వంతు, లేనివానికి మూడు అని మూడవ జట్టు ప్రతిపాదించి, తక్కిన రెండు జట్లను ఒప్పించును. అందరును దానిని పుస్తకమున ఎక్కించుకొనుచుండగా ఉపాధ్యాయుడు, కోడు ఆరు నెలలుగా మారుచుండినను ఆ పత్రములను ఎవరును దిద్దియుండనిచో ఎన్ని వంతులు పెట్టుదురని యడుగును.